దుకాణం ముద్ర

మా ఊరి సదర్ బజార్‌లో బేరింగులు అమ్మే ఆయన మాకు చుట్టం కాదు, నాన్నగారి లోకో షెడ్డు స్నేహితుడి తమ్ముడు. నేను బాబాయ్ అనేవాణ్ణి. ముద్ర లేని కాగితాన్ని ఆయన కాగితంగానే చూసేవారు కాదు.

ఒకసారి సీపత్ కరెంటు ప్లాంటు కాంట్రాక్టరు కోసం ఆయన చైనా నుంచి తెప్పించిన సరుకు విశాఖ పోర్టులో ఆగిపోయింది. దిగుమతి లైసెన్సు ఉంటేనే వదులుతారన్నాడు పోర్టు ఏజెంటు. వారంలో అందకపోతే ఆర్డరు పోతుంది. నేను సైబర్ కేఫ్‌లో కస్టమ్స్ వెబ్‌సైట్ తెరిచి మూడు విషయాలు సరిచూశాను: సరుకు కోడ్, ఉత్తర్వు నంబరు, తేదీ. ఆ రకం బేరింగులకు లైసెన్సు అక్కర్లేదని స్పష్టంగా ఉంది. ప్రింటు తీసిచ్చాను.

"అచ్ఛా. మరి ముద్రేదిరా?"

"వెబ్‌సైట్‌కి ముద్ర ఉండదు బాబాయ్."

"ముద్ర లేకపోతే ఎవుడు నమ్ముతాడు?" అంటూ తన దుకాణం ముద్ర రెండుసార్లు గుద్ది, ఏజెంటుకు ఫ్యాక్స్ చేయించారు. దాంతో ఆ కాగితానికి ఉన్న విలువ కూడా పోతుందని భయపడ్డాను.

నాలుగోరోజు సరుకు విడుదలైంది. నేను వెళ్ళేసరికి ఆయన అదే ప్రింటుకు జెరాక్సు తీయించి, దాని మీదా ముద్ర వేస్తున్నారు.

"మళ్ళీ ఎందుకు?"

"ఎదురు దుకాణమోడి బేరింగులు కూడా అక్కడే ఆగిపోయిందిరా."

"వాళ్ళు మీకు పోటీ కదా?"

"పోటీ ఇక్కడ, బేరం కాడ. పోర్టులో పోటీ ఏటి?"

ముద్ర ఆరేదాకా ఊది, కాగితం పట్టుకుని రోడ్డు దాటారు.