తలుపు మోసుకొచ్చిన తలుపమ్మ

తలుపమ్మ గురించి ఒక కథ చెప్పుకుంటారు. ఏడేళ్ళ కిందట ఆవిడ తను చేసిన యాప్‌ని నలభై మంది ముందు పెట్టిందట. చెవులు వినపడనివాళ్ళ కోసం చేసిన యాప్ అది. ఎవరైనా తలుపు కొడితే ఫోను వెలగాలి. అక్కడి పెద్దాయన పదిసార్లు కొట్టినా ఆ ఫోను ఉలకలేదు, పలకలేదట. ఆవిడ తల దించుకుని వెళ్ళిపోయి, ఏడేళ్ళపాటు గదిలో కూర్చుని, రాసింది చెరిపి, చెరిపింది రాసి, చివరికి తప్పు దిద్దుకుని తిరిగొచ్చిందట. "పట్టుదలంటే అదీ!" అని కొత్తగా చేరినవాళ్ళకి ఇప్పటికీ చెబుతుంటారు.

కథ వినడానికి బాగానే ఉంది. కాకపోతే ఆ ఏడేళ్ళూ ఆమె గదిలో కూర్చోలేదు, కళ్ళజోళ్ళ దుకాణంలో నిలబడింది. వచ్చినవాళ్ళ ముక్కు మీద ఫ్రేము సరిచేసి, అద్దం పట్టుకుని, "ఇది మీకు నప్పిందండీ" అనడం ఆమె ఉద్యోగం. నప్పకపోతే ఏమీ అనకుండా ఇంకో ఫ్రేము అందించేది. మాట తక్కువ మనిషి. తలుపమ్మ అన్నది ఆ రోజు నవ్వినవాళ్ళు పెట్టిన పేరు.

ఆ నవ్విన గుంపు చెడ్డదేమీ కాదు. ఏ కంపెనీ అండా లేకుండా సొంతంగా యాప్‌లు చేసుకునేవాళ్ళు నెలకో ఆదివారం పొద్దున ఒక ట్యూషన్ సెంటరు మేడ మీద కలుస్తారు. ఒక్కొక్కరికీ అయిదు నిమిషాలు. టైము కాగానే బల్ల మీద గంట కొట్టే పెద్దాయన్ని అందరూ గంట మాస్టారు అంటారు. అక్కడ ఒక నియమం ఉంది. యాప్ చేసినవాళ్ళు నోరు విప్పకూడదు. ఇంకొకరు వాడతారు, చేసినవాళ్ళు చూస్తూ కూర్చోవాలి. కొన్నవాళ్ళ ఇంటికెళ్ళి నువ్వు వివరించలేవు కదా, చూడగానే అర్థం కావాలి, అంటారు మాస్టారు. మంచి నియమమే. ఆ రోజు ఆమె నోటికి తాళం వేసింది కూడా ఆ నియమమే.

గుంపు వైపు మళ్ళీ తొంగిచూడకూడదనుకుంది. కంప్యూటరు మీద దుప్పటి కప్పింది. ఏడేళ్ళ తర్వాత ఆ దుప్పటి తీయించింది పిన్ని.

పిన్ని పై గదిలో ఒక్కతే ఉంటూ రఫూ పని చేస్తుంది. చిరిగిన కోటు ఆమె చేతిలో పడిందంటే, చిరుగు ఎక్కడుండేదో కోటు తొడుక్కునేవాడు కూడా చెప్పలేడు. ముప్పయ్యో ఏట జ్వరం వచ్చి చెవులు పోయాయి. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పట్టుకుంటుంది. తన గొంతు తనకి వినపడదు కనుక నాలుగిళ్ళ అవతలికి వినపడేలా మాట్లాడుతుంది.

"ఏమే! ఫోను నీళ్ళ బకెట్లో పడి చచ్చింది. కొత్తది కొన్నాను. నీ యాప్ ఇందులో ఎక్కనంటోంది!" అని మెట్ల మీద నుంచే అరిచింది ఒక ఆదివారం. ఆమె చేతిలో ఎవరో గుమ్మానికి తగిలించి వెళ్ళిన ఖాళీ సంచీ, అందులో చీటీ ఉన్నాయి. "మూడుసార్లు కొట్టాను. ఎవరూ తీయలేదు. వేరేచోట ఇచ్చుకుంటాను. పాత బాకీ బట్టలు పంపించండి" అని ఉంది చీటీలో. "ఈ వారంలో ఇది రెండో సంచీ. నేను లోపలే ఉన్నానే తల్లీ, సూదిలో దారం ఎక్కించుకుంటూ."

తలుపమ్మ దుప్పటి తీసింది. ఏడేళ్ళ కిందట తాను రాసిన కోడ్ తెరిస్తే పరాయి మనిషి డైరీ చదువుతున్నట్టు అనిపించింది. సగం మాటలు అర్థం కాలేదు. పాత ఫోన్లకి చెల్లిన పద్ధతులు కొత్త ఫోన్లకి చెల్లవు. ఒక్కొక్కటే మార్చుకుంటూ, చప్పుడు వినే భాగం దాకా వచ్చింది. అక్కడ తన కోసం తానే రాసుకున్న ఒక ముక్క కనపడింది.

"చప్పుడుతో పాటు ఫోను కూడా అదిరితే అది తలుపు కాదు. వదిలెయ్యాలి. పిన్ని బల్ల మీద కత్తెర పెట్టినా వెలుగుతోంది."

ఆమె చేతులు ఆగిపోయాయి. ఆ రోజు ఫోను బల్ల మీద ఉంది. గంట మాస్టారు తలుపు దాకా లేచి వెళ్ళడానికి బద్ధకించి ఆ బల్లనే టకటకా కొట్టారు.

ఫోనుని బల్ల మీద పెట్టి, బల్ల కొట్టింది. వెలగలేదు. లేచి వెళ్ళి తలుపు కొట్టింది. గోడ మీద తెల్లటి వెలుగు తళుక్కుమంది. ఏడేళ్ళు తనదే తప్పనుకుని తలొంచుకు తిరిగిన మనిషి. అయినా ఆ వెలుగు చూస్తే ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది.

పిన్నికి చెప్పింది.

"ఆ మాట అప్పుడే చెప్పలేకపోయావా? నోట్లో నాలుక లేదా?"

"చేసినవాళ్ళు మాట్లాడకూడదు పిన్నీ. నియమం. అయినా నలభై మంది నవ్వుతుంటే నా రాత నాకే గుర్తు రాలేదు."

"వాళ్ళు నవ్వొచ్చా మరి?"

"నవ్వకూడదని నియమంలో లేదు."

"భలే నియమం! కట్టేసి కొట్టడానికి పనికొస్తుంది."

పిన్ని ఫోనులో యాప్ ఆ సాయంత్రమే ఎక్కింది. అక్కడితో సరిపెట్టుకోవచ్చు. కానీ అప్పట్లో స్టోరు నుంచి యాప్ దించుకుని, పిన్నిలాగే పాత ఫోన్లు పోగొట్టుకున్నవాళ్ళు ఇంకా నలభై ముగ్గురు ఉత్తరాలు రాసి ఉన్నారు. "అమ్మా, మీ యాప్ స్టోరులో కనపడటం లేదు" అని. మెయిలు పెట్టె తెరవని పాపానికి అవన్నీ చదవకుండా పడున్నాయి. స్టోరువాళ్ళు ఆమె పాత ఖాతా మూసేశారు. కొత్త ఖాతా తెరిస్తే ముందుగా పన్నెండు మంది తమ ఫోన్లలో యాప్ పెట్టుకుని, పద్నాలుగు రోజులు తీయకుండా ఉంచాలి. అప్పుడే స్టోరులోకి రానిస్తారు.

"నా ఫోనులో వచ్చిందిగా, ఇంకెందుకు దిగులు అంటాననుకున్నావా? నా ఒక్కదాని తలుపేనా తలుపు?" అంది పిన్ని.

"పన్నెండు మందిని ఎక్కణ్ణుంచి తేను? దుకాణంలో ఇద్దరున్నారు. వాళ్ళ ఫోన్లలో ఫొటోలకే చోటు లేదు. ఇక మిగిలింది ఆ గుంపే."

"వెళ్ళు."

"మళ్ళీ బల్లే కొడతారు పిన్నీ."

"అయితే తలుపు పట్టుకుపో."

పిన్ని వేళాకోళమాడుతోందనుకుంది. నెల మొదటి ఆదివారం పొద్దున పైకి వెళ్ళేసరికి వడ్రంగి పిన్ని గది తలుపుకి బందులు ఊడదీస్తున్నాడు.

"ఇదేంటి పిన్నీ, నీ తలుపా?"

"ఒక్క పూటేగా. తలుపు తీసే ఉంటే ఎవరూ కొట్టే పనే లేదు. నేరుగా లోపలికే వస్తారు."

"మీవాళ్ళందరూ ఇంతేనా అమ్మా?" అన్నాడు వడ్రంగి.

పిన్నీ తనూ చెరో కొసా పట్టుకుని నడిచారు. నాలుగు వీధులే. అయినా దారిలో పళ్ళబండివాడు, "ఇల్లు మారుతున్నారా?" అని అడగనే అడిగాడు. "లేదు బాబూ, తలుపు మాత్రమే మారుతోంది!" అని పిన్ని వీధంతా అదిరేలా జవాబిచ్చింది. ట్యూషన్ సెంటరు మెట్ల మలుపులో తలుపు ఇరుక్కుపోతే, నిలువుగా లేపి, గోడకి గీత పడేలా పైకెక్కించారు.

పైన ముప్ఫై మంది దాకా ఉన్నారు. మొహాలు చాలావరకు కొత్తవి. పాతవాళ్ళలో టోపీవాడు ఉన్నాడు. ఎండాకాలంలోనూ టోపీ తీయడు. అప్పుడు అందరికంటే గట్టిగా నవ్వింది వాడే.

"ఓహో, తలుపమ్మగారా! పేరు నిలబెట్టుకోడానికి తలుపే తెచ్చేశారే!"

"అవునండీ. ఈసారి మీరు నవ్వడానికి ఏదో ఒకటి ఉండాలి కదా" అంది ఆమె. తలుపుని గోడకి ఆనించింది.

ఆమె వంతు వచ్చింది. ఫోను బల్ల మీద పెట్టి నోరు మూసుకుని కూర్చుంది. తెర మీద "తలుపు కొట్టండి" అని ఉంది. మాస్టారు కళ్ళజోడు సవరించుకుని చదివి, అలవాటు కొద్దీ వేళ్ళు మడిచి బల్ల మీద టకటకా కొట్టారు.

ఫోను పలకలేదు. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. "అదే కథ మళ్ళీ" అన్నాడు టోపీవాడు.

ఆమె నోరు విప్పలేదు. నియమం నియమమే. లేచి, తెర మీది మొదటి మాట మీద వేలు పెట్టింది. తర్వాత అదే వేలితో గోడకి ఆనించిన తలుపుని చూపించి, చేతులు కట్టుకుని నిలబడింది.

మాస్టారు ఆమెని చూశారు, బల్లని చూశారు, తన వేళ్ళని చూసుకున్నారు. మెల్లగా లేచి వెళ్ళి తలుపు మీద రెండుసార్లు కొట్టారు.

బల్ల మీద ఫోను భగ్గున వెలిగింది. గది అవతల, గోడవైపు తిరిగి కూర్చుని రఫూ చేసుకుంటున్న పిన్ని, గోడ మీద వెలుగు పడగానే తల తిప్పకుండా, "తీసే ఉంది, రండి!" అని కేకేసింది.

ఈసారి అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. మాస్టారు మాత్రం నవ్వలేదు. గంట కొట్టారు, ఇంకా మూడు నిమిషాలు మిగిలి ఉండగానే.

"ఇప్పుడు మాట్లాడమ్మా" అన్నారు.

"ఎక్కువ లేదు మాస్టారూ. ఫోను బల్ల మీద ఉన్నప్పుడు బల్ల కొడితే ఇది వెలగదు. వెలగకూడదనే చేశాను. చేసినవాళ్ళు నోరు మూసుకోవాలన్నారు, మూసుకున్నాను. కొట్టేవాళ్ళు కూడా ఏం కొడుతున్నారో చూసుకోవాలని ఒక ముక్క చేర్చండి. క్షమాపణలు నాకొద్దు. ఈ యాప్‌ని పద్నాలుగు రోజులు ఫోనులో ఉంచుకునే పన్నెండు మంది కావాలి. మధ్యలో తీసేసేవాళ్ళు ఇప్పుడే చెయ్యి దింపెయ్యండి."

మొదట చెయ్యెత్తింది మాస్టారు. తర్వాత ముందు వరస అమ్మాయిలు. మొత్తం పద్నాలుగు చేతులు. టోపీవాడు ఫోను తీసి, "మా తలుపుకి కాలింగ్ బెల్ ఉంది" అని నసిగాడు.

"కరెంటు పోదా మీ ఇంట్లో?" అంది పిన్ని, వాడి పెదాలనే చూస్తూ. వాడిది పదిహేనో చెయ్యి.

మూడో రోజుకి ముగ్గురు తీసేశారు. సరిగ్గా పన్నెండు మంది మిగిలారు. పద్నాలుగు రోజులూ ఆమె దుకాణంలో ఫ్రేములు సరిచేస్తూ గంటకోసారి లెక్క చూసుకుంది. పన్నెండు పదకొండు కాలేదు. పదిహేనో రోజున యాప్ స్టోరులోకి వచ్చింది. ఆమె నలభై ముగ్గురికీ జవాబులు రాసింది. "ఆలస్యమైంది. ఇప్పుడు దొరుకుతుంది." అంతే. కారణాలు రాయలేదు.

ఇప్పుడు ప్రతి నెలా గుంపుకి వెళుతుంది. తలుపమ్మ అని పిలిస్తే పలుకుతుంది. ఏడేళ్ళు కష్టపడి తప్పు దిద్దుకుందన్న కథ తన ముందే చెప్పినప్పుడు మాత్రం కంప్యూటరు తెరిచి, ఆ భాగం చూపించి, పక్కన ఉన్న తేదీ చదవమంటుంది.

తలుపు చప్పుడు వినే ఆ భాగంలో ఏడేళ్ళుగా ఒక్క అక్షరం కూడా మారలేదు.