ఎడమ దవడ

పెద్దాయన మొట్టమొదట కొట్టిన దెబ్బకే బార్బరు ముక్కు పగిలింది. స్టీలు మగ్గుతో కొట్టాడు. రక్తం సబ్బు నురగలో పడుతుంటే, "తల వంచు, లేకపోతే గొంతులోకి పోతుంది" అని సలహా ఇచ్చిందీ ఆయనే. కొట్టింది తనేనన్న సంగతి అప్పటికే మర్చిపోయాడు.

బార్బరుకి దెబ్బలు కొత్త కాదు. నాలుగేళ్ల కిందట, మతిమరుపు జబ్బొచ్చి షాపుకి రావడం మానేసిన ఒక పాత మనిషికి ఇంటికెళ్లి గడ్డం గీశాడు. ఆ కబురు ఆ నోటా ఈ నోటా పాకింది. ఇప్పుడు వారంలో రెండు రోజులు షాపు తమ్ముడికి వదిలేసి, అలాంటి ముసలివాళ్ల ఇళ్లకే తిరుగుతున్నాడు. తిట్లు, ఉమ్ములు, గోళ్ల రక్కులు మామూలే. ఒకాయన వేలు కొరికితే ఇంజెక్షను కూడా చేయించుకున్నాడు. "నీకెందుకయ్యా ఈ పీడ" అని భార్య సణిగేది. అతనికి చెప్పడం చేతకాదు. నెలల తరబడి ఎవరూ ప్రేమగా ముట్టుకోని మొహం మీద వేడి తువ్వాలు కప్పితే ఆ మనిషి కళ్లు మూసుకుని హమ్మయ్య అంటాడే, ఆ ఒక్క క్షణం కోసం వెళ్తాడు.

పెద్దాయన మాత్రం అందరిలాంటి వాడు కాదు. కబేళాలో ముప్పై ఎనిమిదేళ్లు కత్తి పట్టిన మనిషి. డెబ్బై ఆరొచ్చినా ముంజేతులు రోకళ్లలా ఉండేవి. భార్య పోయింది. కొడుకు దూరప్రాంతాల బస్సు డ్రైవరు. నాలుగు రోజులు రోడ్డు మీద, రెండు రోజులు ఇంట్లో పడి నిద్ర. మామగారి తిండీ, స్నానం, పక్క తడిపితే మార్చడం, అన్నీ కోడలి నెత్తినే పడ్డాయి. ఆమె కుడి చేతి మీద పంటి గాట్లు వరసగా ఉండేవి. చెవి వెనక జుట్టు ఒక చోట కుదుళ్లతో సహా ఊడిపోయింది.

ఆ ఇంటికి వెళ్లడం మొదలెట్టిన ఐదో వారం నురగ రాస్తుంటే బార్బరు వేళ్లకి ఏదో తేడాగా తగిలింది. పెద్దాయన ఎడమ దవడ ఉబ్బింది. దాని మీద నాలుగు వేళ్ల వాతలు ఎర్రగా తేలి ఉన్నాయి. బార్బరు కోడలి వైపు చూశాడు. ఆమె గోడ వైపు చూసింది. పరాయి ఇంటి గుట్టు మనకెందుకనుకున్నాడు. కత్తి ఆ దవడకి తగలగానే పెద్దాయన పిడికిలి అతని రొమ్ము మీద పడింది. ఊపిరి అందక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. తర్వాత ఎలాగో మిగతా సగం గీసి, ఎవరితోనూ ఒక్క మాట అనకుండా వెళ్లిపోయాడు.

తర్వాతి వారం పొద్దున పది గంటలకి, వెనక గదిలో కిటికీ పక్కన కుర్చీ వేశారు. కుడివైపు హాయిగా గీయించుకున్నాడు పెద్దాయన. "కత్తి పట్టడం రాదురా నీకు" అని ఎకసెక్కం కూడా ఆడాడు. కత్తి ఎడమ దవడ కిందికి దిగగానే ఆయన చెయ్యి లేచింది. పెద్దాయన బార్బరు మణికట్టు పట్టి మెలిపెట్టాడు. లోపల ఏదో టక్కుమంది. కత్తి చేయి మారింది. మోకాలి వెనక తన్ను పడటంతో బార్బరు వెల్లకిలా కూలిపోయాడు. తల నేలకి తగిలి కళ్లు బైర్లు కమ్మాయి. తేరుకునేసరికి పెద్దాయన మోకాలు అతని రొమ్ము మీద ఉంది. ఎడమ అరచేయి అతని గడ్డాన్ని కింద నుంచి పైకి నెడుతోంది. గొంతు బారుగా సాగింది.

ఆ మొహంలో కోపం లేదు. బార్బరుని వణికించింది అదే. అది పని చేసుకునే మనిషి మొహం. ఎక్కడ కోయాలో చూసుకుంటున్నాడు. కత్తి చర్మం మీద ఆనింది. మెడ మీదుగా వెచ్చగా ఏదో కారడం తెలిసింది.

చప్పుడికి వంటింట్లోంచి కోడలు పరుగెత్తుకొచ్చింది. చేతిలో ఇనప పెనం. రెండు చేతులా ఎత్తి మామగారి నడినెత్తికి గురిపెట్టింది. కింద పడి ఉన్న బార్బరుకి కత్తీ, పెనమూ రెండూ కనిపిస్తున్నాయి. ఆ దెబ్బ పడితే ముసలాయన ఒళ్లంతా కత్తి మీద వాలుతుంది, తన పని సరి. ఆమె కళ్లు కూడా కత్తి మీద పడ్డాయి. ఎత్తిన చేతులు గాల్లోనే ఆగాయి.

"మామయ్యా, ఇవాళ్టికి కోతలు అయిపోయాయి. దీన్ని రేపటికి ఉంచమన్నారు. చేతులు కడుక్కోండి" అంది. గొంతు వణకలేదు.

"ఎవరన్నారు?"

"మేస్త్రీగారు."

"ముందే చెప్పి ఏడవొచ్చుగా" అన్నాడు పెద్దాయన విసుగ్గా. కత్తిని బార్బరు చొక్కాకి అటూ ఇటూ తుడిచి, మడిచి, పక్కన పెట్టి, మోకాళ్లు పట్టుకుని లేచి పెరట్లోకి నడిచాడు. కుళాయి నీళ్ల చప్పుడు చాలాసేపు వినబడింది. మోచేతుల దాకా కడుక్కుంటున్నాడు.

మెడకి పదకొండు కుట్లు పడ్డాయి, మణికట్టుకి కట్టు కట్టారు. ఆస్పత్రి బెంచీ మీద కోడలు అతని పక్కనే కూర్చుంది.

"మా అత్తయ్య రోజూ సాయంత్రం అదే మాట అనేది అన్నా, చేతులు కడుక్కోండని. అది విన్నాకే ఆయన ఇంట్లో అడుగు పెట్టేవాడు. ఎందుకో అప్పుడు నోటికొచ్చింది." చేతి మీది పంటి గాట్లని కొంగుతో కప్పుకుంది. "నేను చంపేద్దామనే వచ్చాను. నెలరోజులుగా కొడుతున్నాను ఆయన్ని. అన్నం మొహాన ఉమ్మితే కొట్టాను. నిద్రపోనివ్వకపోతే కొట్టాను. మొన్న ఏం చేశాడని కొట్టానో గుర్తు కూడా లేదు."

"నాకు తెలుసమ్మా. నురగ రాసినప్పుడే చూశాను. నోరు మూసుకున్నాను" అన్నాడు బార్బరు. ఆ మాట చెప్పడం కుట్ల కంటే కష్టమైంది. ఆ రోజే నోరు విప్పి ఉంటే తన గొంతు మీదికి కత్తి వచ్చేది కాదు, ఆమె అంత దూరం వెళ్లేదీ కాదు.

మూడు వారాలు అటువైపు వెళ్లలేదు. వేరే ఇళ్లకీ వెళ్లలేదు. కోపం పెద్దాయన మీదో, ఆమె మీదో, తన మీదో తేలేది కాదు. ఒక మధ్యాహ్నం ఎవరికో ఎడమ చెంప గీస్తూ టక్కున ఆగిపోయాడు. కుడివైపు గీస్తున్నప్పుడు పెద్దాయన ఎప్పుడూ కొట్టలేదు. మగ్గు దెబ్బా, పిడికిలీ, ఆఖరి రోజూ, అన్నీ కత్తి ఎడమ దవడ మీద ఉన్నప్పుడే. వాపు చెంపదెబ్బల వల్లేననుకుని ఊరుకున్నాడు. చెంపదెబ్బకి ఎముక దగ్గర అంత గట్టిగా గడ్డ కడుతుందా?

గిరాకీని సగం గడ్డంతో కూర్చోబెట్టి కోడలికి ఫోను చేశాడు. మర్నాడు కోడలూ, కొడుకూ, బార్బరూ ముగ్గురూ పట్టుకుంటే గానీ పళ్ల డాక్టరు నోరు తెరిపించలేకపోయాడు. డాక్టరు బొటనవేలు కూడా నలిగింది. వెనక దంతాలు రెండు లోపలే కుళ్లి, కింద చీము పట్టి ఉంది. నెలల తరబడి ఆ నొప్పిని నొప్పి అని చెప్పే మాట ఆయనకి దొరకలేదు. అన్నం ఉమ్మడం, రాత్రుళ్లు కేకలు, అన్నిటికీ సగం కారణం అక్కడే ఉంది. కోడలు కొట్టిన చెంప కూడా అదే. ఆ మాట విని ఆమె డాక్టరు గదిలో నేల మీద చతికిలబడి ఏడ్చింది.

పళ్లు పీకాక పెద్దాయన మేకపిల్లేమీ కాలేదు. కానీ రోజూ కొట్టేవాడు నెలకోసారికి వచ్చాడు. మతిమరుపు జబ్బు క్లినిక్ నర్సు ఇంటికొచ్చి, కోడలు చెప్పిందంతా విని, తిట్టలేదు. వారంలో మూడు పగళ్లు ఆయన్ని సంరక్షణ కేంద్రంలో ఉంచేలా రాసింది. కత్తులన్నీ తాళంలోకి వెళ్లాయి. కొడుకు డిపోలో బతిమాలుకుని దగ్గరి రూటుకి మారాడు. పెద్దాయన గడ్డానికి బార్బరు కరెంటు మిషను కొన్నాడు. ఇప్పుడు ఏ ఇంటికెళ్లినా ముందు దవడలు నొక్కి చూస్తాడు, తర్వాతే నురగ.

పెద్దాయన ఇంకో ఏడాదిన్నర బతికాడు. ఆ మధ్యలో కోడలు మరొక్కసారి చెయ్యి చేసుకుంది. వెంటనే తనే ఫోను చేసింది. "అన్నా, ఇందాక కొట్టాను. మళ్లీ కొట్టేలా ఉన్నాను."

బార్బరు షాపు మూసి వెళ్లాడు. ఆమె చెప్పులేసుకుని ఎటో నడుచుకుంటూ పోయింది. రెండు గంటల తర్వాత తిరిగొచ్చేసరికి, కిటికీ పక్కన ఇద్దరూ కూర్చుని ఉన్నారు. పెద్దాయన బార్బరు ఖాళీ చేతిని తన ఒళ్లో పెట్టుకుని, వేళ్లు ఒక్కొక్కటే సరిచేస్తూ, కత్తి ఎలా పట్టాలో నేర్పిస్తున్నాడు.