గుండె జబ్బు లేదన్న నరసమ్మ గారు

రిటైరవడానికి నాలుగేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, నర్సీపట్నంలోని ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో దంతవైద్యుడిగా చేరాను. హోదా సీనియర్ కన్సల్టెంటు. జూనియర్లు ఎవరూ లేరు.

పన్ను పీకే ముందు నేను అడిగే ప్రశ్నలు మూడు: బీపీ ఉందా, షుగరు ఉందా, గుండె జబ్బు ఉందా. జవాబులు కేసు షీటులో రాసుకోవాలి. మాకవరపాలెం నుంచి దవడ పన్ను నొప్పితో వచ్చిన నరసమ్మ గారు మూడింటికీ లేదన్నారు. వయసు యాభై దాటింది. నాలుగు రోజులుగా అన్నం నమల్లేకపోతున్నారు. మత్తు సూది చేతిలోకి తీసుకున్నాను.

అంతలో కరెంటు పోయింది. ఫ్యాను, కంప్రెసరు ఆగాక టిక్ టిక్‌మని ఏదో వినిపించింది. గోడ గడియారం ఆగిపోయి నెల దాటింది. నేను నర్సు వైపు చూశాను, ఆమె నా వైపు చూసింది.

“అది నా గుండేనండి బాబూ,” అన్నారు నరసమ్మ గారు.

జబ్బు లేదన్నారు కదా అని అడిగాను.

“ఉండీదండి. విశాపట్నంలో కోసి, పాడైన వాల్వు తీసీసి కొత్తది ఏసినారు. మరింకెక్కడుంటాదండి?”

టిక్ టిక్‌మన్నది ఆ లోహపు వాల్వన్నమాట. పన్ను పీకితే నోట్లోని సూక్ష్మజీవులు రక్తంలోకి వెళ్తాయి. మామూలు మనిషిలో కాసేపట్లో చస్తాయి. మార్చిన వాల్వు దొరికితే అక్కడే కాపురం పెడతాయి. ఆ ఇన్ఫెక్షను ప్రాణం తీయగలదు.

సూది ట్రేలో పెట్టేశాను. నొప్పితో ఆటో ఎక్కి వచ్చిన మనిషిని ఊరికే పంపుతారా అని ఆమె నర్సును నిలదీశారు. నొప్పికి పారాసిటమాల్ ఇచ్చి, ఆమె గుండె డాక్టరుకు ఫోన్ చేశాను. రక్తం పలచబడే మాత్రలు కూడా వాడుతున్నారని అప్పుడు తెలిసింది. రక్తపరీక్ష చూసి ఆయన సరేనన్నాక మూడో రోజు రమ్మన్నాను.

ఆ రోజు, పెన్సిలిన్ ఆమెకు పడుతుందని రూఢి చేసుకుని, ఆ జాతి యాంటీబయాటిక్ అమాక్సిసిలిన్ అయిదు వందల మిల్లీగ్రాముల క్యాప్సూళ్లు నాలుగు ఒకేసారి నా ఎదుటే మింగించాను. ఒక పంటికి నాలుగు బిళ్లలేటండని సణిగారు. గంటసేపు బెంచీ మీద కూర్చోబెట్టి, పన్ను తీశాను. తర్వాత రెండు నెలలు, జ్వరం వచ్చిందా అని ఫోన్ చేస్తూనే ఉన్నాను. రాలేదు. ఆఖరుసారి విసుక్కుని, జ్వరం వస్తే తనే ఫోన్ చేస్తానన్నారు.

జబ్బు ఉందా అని అడగడం అక్కడితో మానేశాను. ఎప్పుడైనా ఛాతీ కోశారా, రోజూ ఏ మాత్రలు వేసుకుంటారు అని అడిగేవాణ్ణి. నేర్చుకున్నది ఇంతే. అంతకు ముందు ముప్పై ఏళ్లు పాత ప్రశ్నే అడిగాను. పన్ను పీకాక మళ్లీ రానివాళ్లంతా బాగున్నారనే అనుకునేవాణ్ణి.