స్తెఫను దాచిన ముక్కలు

“చచ్చినోళ్ల పెండ్లిళ్లు దాచిపెట్టి ఏం జేస్తవ్ నాయనా? దండలేస్తవా?”

“ఏస్తర్రా. ఆళ్ల పిల్లలొచ్చి ఏస్తరు. నీకేం దెల్సు?”

భద్రాచలంలో బెన్నీ పనిచేసే కంప్యూటర్ రిపేరు దుకాణంలో తండ్రీకొడుకులు అరుచుకుంటున్నారు. బెన్నీ తలెత్తకుండా వాళ్ల లాప్‌టాప్ వెనక మూత విప్పుతున్నాడు. ఇంజనీరింగ్ సగంలో వదిలేసి వచ్చినవాడు. ఇంట్లో రోజూ ఇలాంటి అరుపులే కాబట్టి చెవులు గట్టిపడ్డాయి.

తండ్రి స్తెఫనుది దుమ్ముగూడెం. మీసం వచ్చినప్పటి నుంచీ ఆ చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు వీడియో తీశాడు. మోకాళ్లు పోయాక కెమెరా కొడుకు షాలేమ్‌రాజు చేతికి వచ్చింది. ఆ పెళ్ళిళ్ళన్నీ దాచిన లాప్‌టాప్‌లోని హైబ్రిడ్ డ్రైవు ఇప్పుడు టిక్కుటిక్కుమంటోంది, ఎప్పుడు ఆగిపోతుందో తెలియదు. డ్రైవు పట్టే చోటు ఒక్కటే, డబ్బూ ఒక్కదానికే. సెకండ్‌హ్యాండ్‌లో పెద్ద హైబ్రిడ్ వేస్తే పాత పెళ్ళిళ్ళన్నీ పడతాయి. లోపల అంతా చిప్పులే ఉండే ఎస్సెస్‌డీ వేస్తే పని పరుగెడుతుంది గానీ, ఆ డబ్బుకు వచ్చేది చిన్నది. ఈ సీజను పెళ్ళిళ్ళతోనే నిండిపోతుంది.

“పొద్దున పెండ్లయితే మాపటికి రీల్ అడుగుతున్నరు జనం. మన డబ్బా తెరుసుకునే లోపల పెండ్లిపిల్ల అత్తగారింట్ల అంట్లు తోముతంటది. మన బేరాలన్నీ సత్తుపల్లి వీడియోవోళ్లు గుంజుకపోయిరి” అన్నాడు షాలేమ్‌రాజు.

“హైబ్రిడ్ గూడ స్పీడే అన్నరు గదా బెన్నీ?” అన్నాడు స్తెఫను.

“అబద్ధం బాబాయ్” అన్నాడు బెన్నీ. “లోపల తిరిగేది పాత హార్డ్ డిస్కే. పక్కన చిన్న చిప్పు ఉంటది. రోజూ తెరిసేటియి అందుల పెట్టుకుంటది, గవ్వే జల్దీ వస్తయ్. ఎప్పుడో ఒకసారి తెరిసేది దానికి యాదుండదు. నువ్వు ఎప్పటికప్పుడు కొత్త పెండ్లి ఎక్కిస్తవ్. నీకు దాంతోని లాభం లే.”

“స్పీడు నాకెందుకయ్యా. చోటు గావాలె.”

ఆ చోటు దేనికో బెన్నీకి తెలుసు. అక్కడి క్రైస్తవుల ఇళ్లలో మనిషి పోయిన ఏడాదికి జ్ఞాపకార్థ కూడిక పెడతారు. వాక్యం, భోజనం, మధ్యలో గోడ మీద ఆ మనిషి బొమ్మలు. కూలికి పోయేవాళ్లకు ఫోటో అంటే ఆధార్ కార్డు మీదిదే. అందుకని స్తెఫను దగ్గరికి వచ్చేవాళ్లు, “మా ఆయన నవ్విన ముక్క ఏడన్న ఉన్నదా?” అని. మొగుడు పోయిన ఎర్రమ్మ కూడా అట్లాగే వచ్చింది. స్తెఫను పాత పెళ్ళిళ్ళన్నీ వెతికాడు. ఎవరి పెళ్ళిలోనో భోజనాల బంతిలో కూర్చుని వేళ్లు నాకుతూ, కెమెరాను చూసి సిగ్గుపడి నవ్విన ఆమె మొగుడు దొరికాడు. కూడికలో ఎర్రమ్మ ఆ ముక్క మళ్లీ వెయ్యమంది. మళ్లీ, మళ్లీ. చివరికి పాస్టరు లేచి ప్రార్థన అందుకుంటే గాని ఆగలేదు. స్తెఫను ఎవరి పెళ్ళినీ చెరపనిది ఇందుకే. దానికి ఎవరూ ఏమీ ఇవ్వరు, అన్నం పెడతారు.

“ఊరోళ్ల నవ్వులన్నీ మనమే మొయ్యాల్నా?” అన్నాడు షాలేమ్‌రాజు.

“నీ ఇష్టంరా” అని స్తెఫను స్టూలు మీద కూర్చున్నాడు. బెన్నీ ఎస్సెస్‌డీ డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. తను చెప్పింది నిజమే. అయినా ముసలాయన మొహం చూడబుద్ధి కాలేదు. షాలేమ్‌రాజు ఫోన్‌లో డబ్బు కొట్టి, డ్రోన్ బ్యాటరీల పని ఉందని వెళ్లిపోయాడు.

స్తెఫను స్టూలు మీంచి లేవలేదు.

“ఈ సీజనుయి అన్నీ ఎక్కించినంక ఏమన్న జాగ మిగుల్తదా?”

“ఒక ముక్కో రెండు ముక్కలో పడ్తయ్. ఎవరియి కావాల్నో చెప్పు. ఎర్రమ్మదా?”

“ఆమెది ఆమె ఫోన్ల ఉన్నది. నాది గావాలె.”

“నీదెక్కడిది బాబాయ్? నువ్వు కెమెరా ఎనక ఉంటివి గదా.”

“బొమ్మ లేదు. గొంతుంటది. ‘అమ్మా, ఇటు సూడు, జర నవ్వు’ అని ప్రతి పెండ్లిల అంటి గదా. తర్వాత దాన్నే ముందుగాల కోసి పాటేస్తుంటి. కొయ్యంది ఆ పాత డ్రైవుల ఏదో ఒకటి ఉంటది. అది ఆగిపోకముందే ఎతికి పెట్టు. నేను పోయినంక నా కూడికప్పుడు షాలేము వస్తడు. అడగకపోతే ఊకో. అడిగితే మాత్రం లేదనకు బిడ్డా.”