క్యాంటీన్ రేకుల కింద కందిరీగలు

మందుల ఫ్యాక్టరీ ల్యాబులో పదకొండేళ్లు పనిచేస్తే ఒక రోగం పట్టుకుంటుంది. చేతికి ఏది దొరికినా ముందు ఆరబెట్టాలనిపిస్తుంది. ఆ అలవాటే నా కొంప ముంచింది.

పటాన్‌చెరు పక్కన ఇంద్రేశంలో మా చేను ప్లాట్లయిపోయాక మిగిలిన మూలలో ఇల్లు కట్టుకున్నాం. సన్‌షేడ్ కింద కందిరీగల గూడు వెలిసింది. కొన్ని కందిరీగల పొట్ట మడతల్లోంచి మొటిమల్లాంటివి పొడుచుకొచ్చాయి. అవి వాటి లోపల బతికే పురుగులు. ఆడది రెక్కలు, కాళ్లు లేకుండా చచ్చేదాకా ఆ పొట్టలోనే ఉంటుంది. మగదేమో రెక్కలతో బయటికొచ్చి కొన్ని గంటలే బతుకుతుంది. ఏ జాతో తేల్చాలంటే ఆ మగదే కావాలి. ఎన్నో పొద్దులు కాపు కాసి రెండింటిని పట్టాను. పట్టి, స్పిరిట్‌లో వేయాల్సినవాటిని ల్యాబు ఓవెన్‌లో ఎండబెట్టాను! మీసాలు పొడిపొడిగా రాలిపోయాయి.

ఫొటోలు పంపితే, పురుగుల జాతులు గుర్తించే రిటైర్డ్ సారు ఫోన్‌లో ఒకటే నవ్వు.

"అప్పడాలు కాల్చావా తల్లీ? మీసాలు లేకుండా పేరు చెప్పలేను. అయినా ఆ ఫ్యాక్టరీల పొగల్లో కొత్త జాతులేముంటాయి?"

ఒళ్లు మండింది. తప్పు నాదే, ఒప్పుకుంటాను. కానీ నేను పుట్టిన నేలను వెక్కిరించమని ఆయనకెవరు చెప్పారు?

ఇంటి గూడు అప్పటికే ఖాళీ అయింది. అలాంటి మొటిమల కందిరీగలున్నది, ఇక నాకు తెలిసి, మా ఫ్యాక్టరీ క్యాంటీన్ రేకుల కింద ఉన్న గూడొక్కటే. దాన్ని కాల్చేయమని ఆర్డరొచ్చింది. సెక్యూరిటీ ఆయన కర్రకు గుడ్డ చుట్టుకుని వచ్చేసరికి, నేను గూడు కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

"ఏంది మేడమ్ గిది? లేవుండ్రి. మిమ్మల్ని కుడితే నా నౌకరి పోతది."

"లేవను. ఈ గూట్లకెళ్లి నాకొక పురుగు కావాలె. దొరికినంక గూడు నేనే తీసేస్త."

"పురుగు కోసమా? దిమాఖ్ గిట్ల ఖరాబైందా?"

"అయింది. రిజిస్టర్ల రాసుకోండ్రి."

ఆయన తల కొట్టుకుని సోమవారం దాకా గడువిచ్చాడు. రోజూ డ్యూటీకి ముందు వెళ్లి చూశాను. రెండుసార్లు కుట్టాయి. పెదవి బూరెలా వాచింది. ల్యాబులో అందరూ నవ్వారు, నవ్వనీ అనుకున్నాను.

ఆదివారం ఒక కందిరీగ పొట్టమీద నల్లటి మూతతో మొటిమ కనిపించింది. లోపల మగది సిద్ధమైందన్నమాట. కందిరీగను పచ్చడి సీసాలో పట్టి ఇంటికి తెచ్చి, చక్కెర నీళ్లు పెట్టాను. తెల్లారి మూత తెరుచుకుంది. చీమకన్నా చిన్న నల్లటి ప్రాణి రెక్కలు గిరగిరా ఆడిస్తూ వచ్చింది. మీసాలు రెండూ ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. వెంటనే స్పిరిట్‌లో వేశాను. ఓవెన్ దరిదాపులకు పోలేదు. మాటిచ్చినట్టే గూడు నేనే దింపాను.

ఈసారి ఫొటోలు చూసి సారు నవ్వలేదు.

"నాకు తెలిసిన జాతుల్లో ఇది లేదమ్మా. కొత్తదే కావచ్చు. సీసా పంపించు. చీటీ మీద దొరికిన చోటు హైదరాబాద్ అని రాసెయ్, అందరికీ తెలుస్తుంది."

స్పిరిట్‌లో ఇంకు చెరిగిపోతుంది. అందుకే పెన్సిల్ చెక్కి, సీసాలో వేసే చీటీ మీద గట్టిగా ఒత్తి రాశాను: పటాన్‌చెరు, ఫ్యాక్టరీ క్యాంటీన్, రేకుల కింద.