గద్గదం అనే మాట తడబడుతుందని తెలిసిన రోజు

మా చిన్నప్పుడు... రెంటచింతల బడిలో ఏడో తరగతి. హాజరు పిలుస్తుంటే, నా పేరు దగ్గరపడేకొద్దీ అరచేతులకు చెమట పట్టేది. "పద్మావతీ!" అనగానే లేచి నిలబడి "ప్ర... ప్ర..." అంటూ ఆగిపోయేదాన్ని. "ప్రెజెంట్" అన్న ఒక్క ముక్క బయటికి వచ్చేది కాదు...

అందరికీ నేను నత్తి పద్మనే.

మా నాయనమ్మ రోజూ సానరాయి మీద వసకొమ్ము అరగదీసి నాలుకకు రాసేది. ఆ ఘాటుకి కళ్లనీళ్లు వచ్చేవి, మాట మాత్రం వచ్చేది కాదు.

"నాయనమ్మా, నత్తి అంటే ఏందే?" అని ఓసారి అడిగాను.

"నత్త నడిచినట్టు నడుస్తది గదా మాట... అందుకే నత్తి" అంది.

నమ్మేశాను. ఇక ఆ ఏడాది బడిలో నోరు విప్పడమే మానేశాను. దాహమేసినా చేత్తో చూపించడమే.

అప్పుడే మాచర్ల నుంచి మస్తాన్ మాస్టారు వచ్చారు, మాకు తెలుగు చెప్పడానికి. ఓ రోజు పాఠంలో 'గద్గద స్వరంతో' అని వచ్చింది. అర్థం ఎవరికి తెలుసని అడిగారు.

"మన నత్తి పద్మ గొంతే సార్!" అన్నాడు వెనక బెంచీలోంచి సాంబడు. ఒకటే నవ్వులు... నేను తల దించేసుకున్నాను.

మాస్టారు నవ్వలేదు, కోప్పడలేదు. బోర్డు మీద పెద్దక్షరాలతో రాశారు... గద్గద.

"అందరూ చదవండి. నిదానంగా."

గ... ద్గ... ద... నలభై నాలుకలు ఒకేచోట తట్టుకుని, మళ్లీ లేచాయి.

"విన్నారా? ఈ మాటే తడబడతా ఉంది! ఎప్పుడో ఎవరో మాట ఆగి ఆగి పలుకుతుంటే, ఇంకెవరో చెవొగ్గి విన్నారు. ఆ చప్పుడునే మాట చేశారు. ఇట్టా తడబడటాన్ని మా ఇంట్లో ఉర్దూలో హక్లానా అంటాం. అది కూడా అట్టా పుట్టిందే అనిపిస్తది నాకు."

సుద్దముక్క బల్ల మీద పెట్టి అన్నారు, "మా అమ్మకు నత్తి ఉండేది. మ... మ... మస్తాన్ అని పిలిచేది. అమ్మ పోయాక నా పేరు అందరూ ఒక్క దెబ్బలో పిలిచేస్తన్నారు..."

ఆయన గొంతు పూడుకుపోయింది. గద్గదమంటే ఏమిటో ఇంకెవరూ చెప్పక్కర్లేకపోయింది.

నాలాంటి నోటి నుంచి ఒక మాట పుట్టిందా! ఎలా లేచానో తెలియదు, లేచి నిలబడ్డాను.

"సార్... న... న... నత్తి... నత్త నుంచి వ... వచ్చిందా?"

ఎంతసేపు పట్టిందో! ఆయన కదలకుండా విన్నారు. సాంబడు కూడా నవ్వలేదు.

"నాకు తెలవదు అమ్మాయ్. చూసొస్తా."

మర్నాడు లావుపాటి నిఘంటువు చంకన పెట్టుకుని బస్సు దిగారు. ఇద్దరం వేలు పెట్టి వెతికాం. అర్థం ఉంది గానీ, ఎలా పుట్టిందో అందులో లేదు.

"ఇది నువ్వే కనుక్కోవాల" అన్నారు.

ఇప్పటికీ కనుక్కోలేదు. నత్తీ పూర్తిగా పోలేదు. కానీ ఆ రోజు తర్వాత మాట్లాడటం మాత్రం ఆపలేదు. నరసరావుపేటలో మందుల షాపు నడుపుతున్నాను, పొద్దస్తమానం మాట్లాడుతూనే ఉంటాను.

ఇప్పుడు మొహం మీద నత్తి అని వెక్కిరించేవాళ్లు తగ్గారు, సంతోషమే. కానీ వాయిస్ మెసేజ్‌ని కూడా రెండింతల వేగంతో వింటున్న రోజులివి... ఒక మనిషి మాట పూర్తయ్యేదాకా ఆగే ఓపిక ఎటు పోయిందో.

మీకోసం అలా ఆగినవాళ్లు ఎవరైనా ఉన్నారా? రాయండి... తొందరేం లేదు, నిదానంగానే.