జాబితాలో పిన్ని పేరు

నరసాపురంలో మా లేసు పని ఒక్క చేతి మీద పూర్తయ్యేది కాదు. పువ్వులు ఎవరింట్లో వాళ్ళం అల్లుకుంటాం. వాటిని కలిపి గుడ్డగా చేసే అతుకు పనికి మాత్రం చెయ్యి తిరిగిన మనిషి ఉండాలి. మా సంఘంలో ఆ పని పిన్నిది. బంధువేం కాదు, చర్చి పక్కింటావిడ, ఆ చర్చికే వెళ్తుంది. బడికి వెళ్ళని నాకు అక్షరాలు నాన్న నేర్పితే అల్లికసూది పట్టడం ఈవిడ నేర్పింది. ఈ రోజు తింటున్న అన్నంలో ఆవిడ పెట్టిందీ ఉంది.

మొన్న ఎన్నికల ముందు ఢిల్లీ నుంచి మంత్రి వస్తున్నారని, వేదిక మీద లేసు గుడ్డ బహూకరించడానికి పదిమంది పేర్లు కావాలని పార్టీ ఆయన వచ్చాడు. సర్కారు లేసు శిక్షణ కేంద్రంలో నేర్పే పని కూడా ఆ పదిమందికేనట. సంఘం లెక్కలు చూసేది నేనే కాబట్టి నేను రాసిచ్చిన జాబితాలో పిన్ని పేరు మీద వేలు పెట్టాడు.

"ఈవిడొద్దండి. మనవాళ్ళనే రాయండి."

"మాలో ఆవిడే పెద్దండి."

"నాకేం కోపం లేదండి, పైనుంచి అలా చెప్పారు. అవతలోళ్ళు అధికారంలో ఉన్నప్పుడు వాళ్ళవాళ్ళని చూసుకోలేదేంటండి?"

కొట్టేశాను. మిగతావాళ్ళ బతుకుతెరువు కదా అని సర్దిచెప్పుకున్నాను. ఆ సాయంత్రం సహస్రనామం సగంలో ఆగిపోయింది.

మర్నాడు మా అరుగు మీద అందరి మధ్యా గుడ్డ అతుకుతూ పిన్ని అడిగింది.

"నా పేరు తీసేశావంట కదే?"

నేను పక్కనున్న పువ్వులు లెక్కపెట్టడం మొదలెట్టాను.

"పోన్లే, ఆ మెట్లెక్కడం నా మోకాళ్ళ వల్ల కాదు. మరి నా అతుకులు కూడా విప్పేయండే. మంత్రిగారికి పువ్వులు దోసిట్లో పోసిద్దురుగాని!"

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు, పనీ ఆపలేదు.

మధ్యాహ్నం పార్టీ ఆయనకు ఫోన్ చేసి, పిన్ని పేరుంటేనే గుడ్డ ఇస్తామన్నాను.

"రోజూ పూజ చేసుకునే మనిషి, మీరే ఇలా అంటే ఎలాగండి?"

"పూజ నా ఇంట్లోదండి. ఆ ఉద్యోగాలు సర్కారువి."

మమ్మల్ని పిలవలేదు. వేరే ఊరివాళ్ళు వేదికెక్కారు, శిక్షణ పనీ వాళ్ళకే వెళ్ళింది. సంఘంలో ఇద్దరు నెల్లాళ్ళు నాతో మాట్లాడలేదు. వాళ్ళని తప్పుపట్టలేను.

పిన్ని మాత్రం నేరుగా మా ఇంటికొచ్చి, "బుర్రుందా నీకు? పదిమంది నోటి దగ్గర కూడు తీసేశావు" అని కడిగేసింది. కడిగేసి, కాఫీ పెట్టమంది. ఆవిడ తాగి వెళ్ళాక స్వామికి దణ్ణం పెట్టుకున్నాను, ఆవిడ ఇంకా మా గడప తొక్కుతున్నందుకు.